502 ఎవరి మాట?

తెల్ల పేజీ. మధ్యలో పెద్ద అక్షరాలతో ‘502 బ్యాడ్ గేట్‌వే’, దాని కింద ఒక అడ్డగీత, గీత కింద చిన్నగా ‘ఇంజిన్‌ఎక్స్’ అనే పేరు. మేజర్ ప్రాజెక్టు రివ్యూలు దగ్గరపడ్డాయంటే జూనియర్ల నుంచి నా వాట్సాప్‌కి వచ్చే స్క్రీన్‌షాట్లలో సగం ఇవే. పైన ఒక్క ముక్క ఉంటుంది: "అన్నా, సర్వర్ పోయింది."

పోలేదు తమ్ముడూ. సర్వర్ నిజంగా పోతే ఈ పేజీ కూడా రాదు. బ్రౌజరే తన సొంత పేజీ ఒకటి చూపించి, సైటు అందడం లేదని చెప్తుంది. 502 అని మనం చదవగలుగుతున్నామంటే, ఆ అక్షరాలు పంపినవాడొకడు అక్కడ బతికే ఉన్నాడని అర్థం. "నా వెనకున్నవాడి దగ్గర్నుంచి సరైన జవాబు రాలేదు" అని వాడు చెప్తున్నాడు. ముందున్నది వెబ్ సర్వర్, వెనకున్నది అప్లికేషన్ సర్వర్. ఈ వ్యాసమంతా ఆ ఇద్దరి మధ్య దారి గురించే. క్లబ్ సైటు, ఫెస్ట్ రిజిస్ట్రేషన్ సైటు రెండేళ్ళుగా నా చేతిలో ఉన్నాయి కాబట్టి ఇందులో చాలా భాగం చేసి చూసిందే.

ముందుగా రెండు చిన్న మాటలు. మనమంతా ‘ఎంజింక్స్’ అంటున్నదాన్ని అసలు ‘ఇంజిన్ ఎక్స్’ అని పలకాలి. ఇగోర్ సిసోయెవ్ అనే రష్యన్ ఇంజనీరు రాసి 2004లో బయటపెట్టాడు. రెండోది, తెలుగు పత్రిక కాబట్టి కమాండ్లన్నీ నోటితో పలికినట్టే రాశాను. టెర్మినల్లో కొట్టేటప్పుడు మార్చుకోండి, కష్టమేం కాదు.

అసలు ఇద్దరెందుకు? బస్టాండ్ పక్కన టిఫిన్ సెంటర్ గుర్తు తెచ్చుకోండి. ముందు కౌంటర్లో ఒకాయన ఉంటాడు. డబ్బులు తీసుకుని టోకెన్ ఇస్తాడు. వాటర్ బాటిల్, వేడిగా పెట్టి ఉంచిన వడ లాంటివైతే తనే చేతికిస్తాడు. దోశ కావాలంటే మాత్రం టోకెన్ లోపలికి వెళ్ళాలి, పెనం దగ్గర మాస్టర్ వేయాలి. కౌంటర్ ఆయనకి ఒకేసారి వందమందితో మాట్లాడటం వచ్చు, దోశ వేయడం రాదు. మాస్టర్‌కి దోశ వచ్చు, వందమందిని సంభాళించడం రాదు. ఇక్కడా అంతే. బొమ్మలు, స్టైల్ షీట్ల లాంటి సిద్ధంగా ఉన్న ఫైళ్ళు ఇంజిన్‌ఎక్స్ తనే ఇచ్చేస్తుంది. లాగిన్, రిజిస్ట్రేషన్, డేటాబేస్ నుంచి తీసి చూపాల్సినవన్నీ లోపలికి పంపుతుంది. లోపల పైథాన్ అయితే గునికార్న్, జావా అయితే టామ్‌క్యాట్, ఎవరో ఒకరుంటారు.

దోశ రాలేదు. మాస్టర్ రాలేదా? వచ్చినా వంటింటి తలుపుకి గడియ పడిందా? టోకెన్ తప్పు కిటికీలో పెట్టారా? పిండి అయిపోయిందా? కౌంటర్ ముందు నిలబడి ఎంతసేపు అరిచినా ఇది తేలదు, లోపలికి వెళ్ళి చూడాలి. మనవాళ్ళు చేసేది మాత్రం హోటల్ మూసి మళ్ళీ తెరవడం. ‘అన్నీ రీస్టార్ట్ కొట్టు’ అనే మందు ఒక్కోసారి పనిచేస్తుంది కూడా, అదే దాంతో వచ్చిన చిక్కు. పనిచేసిందంటే కారణం తెలియకుండా పోతుంది, సరిగ్గా రివ్యూ రోజు మళ్ళీ వస్తుంది.

వెనక నుంచి ముందుకి

బ్రౌజర్ని వదిలేసి ఎస్ఎస్‌హెచ్‌తో సర్వర్లోకి వెళ్ళండి. అక్కడి నుంచే అప్లికేషన్‌ని నేరుగా పిలవండి: ‘కర్ల్ మైనస్ ఐ’ అని కొట్టి, పక్కన 127.0.0.1, కోలన్, మీ పోర్టు నంబరు. గునికార్న్ అయితే మామూలుగా 8000, టామ్‌క్యాట్ అయితే 8080. ఏదో ఒక జవాబు వచ్చిందా, అది 200 కానీ 302 కానీ 404 కానీ, మాస్టర్ పెనం దగ్గరే ఉన్నాడు. తప్పు మధ్యదారిలో ఉంది. జవాబు రాలేదా, ఇంజిన్‌ఎక్స్ ఫైలు మూసేయండి, ఇక ఆ వైపు చూడక్కర్లేదు. ఒక్క కమాండ్‌తో వెతకాల్సిన చోటు సగానికి తగ్గింది. ఇంత తేలికైన పనిని పదిమందిలో ఒక్కరు కూడా ముందు చేయరు. అందరూ నేరుగా కాన్ఫిగ్ ఫైలు తెరిచి సెమీకోలన్లు లెక్కపెడుతుంటారు.

కర్ల్ జవాబివ్వకపోతే ‘ఎస్ఎస్ మైనస్ ఎల్‌టీఎన్‌పీ’. ముందు సుడో పెట్టండి, లేకపోతే ప్రాసెస్ పేర్లన్నీ కనబడవు. ఈ మెషీన్లో ఏ ప్రాసెస్ ఏ అడ్రస్‌లో, ఏ పోర్టులో చెవి పెట్టుకుని కూర్చుందో అది చూపిస్తుంది. అందులో మీ అప్లికేషన్ లేకపోతే అది నడవడం లేదు. రాత్రి టెర్మినల్లో చేత్తో స్టార్ట్ చేసి, లాప్‌టాప్ మూసి పడుకుంటే అదీ పడుకుంటుంది. దాన్ని సిస్టమ్‌డీ సర్వీసుగా పెట్టుకోండి. అప్పుడు ‘జర్నల్‌సీటీఎల్ మైనస్ యు’ పక్కన సర్వీసు పేరు కొడితే ఎందుకు పడిపోయిందో అదే చెప్తుంది.

జాబితాలో ఉన్నా అడ్రస్ జాగ్రత్తగా చూడాలి. 127.0.0.1 అంటే ఆ మెషీన్ లోపలివాళ్ళకి మాత్రమే, 0.0.0.0 అంటే ఎవరొచ్చినా సరే. డాకర్ వాడేవాళ్ళు ఎక్కువగా ఇక్కడే ఇరుక్కుంటారు. కంటైనర్ అంటే విడిగా ఒక ఇల్లు. ఇంజిన్‌ఎక్స్ కంటైనర్లో కూర్చుని 127.0.0.1 అంటే అది తన సొంత ఇల్లే, అక్కడ అప్లికేషన్ ఎందుకుంటుంది? అప్లికేషన్ తన కంటైనర్లో 0.0.0.0 మీద వినాలి, ఇంజిన్‌ఎక్స్ దాన్ని కంపోజ్ ఫైల్లో ఉన్న సర్వీసు పేరుతో పిలవాలి. ఆ పేరుని కూడా ఇంజిన్‌ఎక్స్ మామూలుగా స్టార్ట్ అయ్యేటప్పుడు ఒక్కసారే ఐపీగా మార్చుకుని దాచుకుంటుంది. మీరు అప్లికేషన్ కంటైనర్ని తీసేసి కొత్తది పెట్టాక దాని ఐపీ మారితే, ఇది పాత అడ్రస్‌కే వెళ్తూ ఉంటుంది. అప్పుడు ఇంజిన్‌ఎక్స్‌కి ఒక రీలోడ్ చాలు.

‘లోకల్‌హోస్ట్’ అనే పేరు మీద కూడా నాకు పెద్ద నమ్మకం లేదు. దానికి రెండు అడ్రసులు: ఐపీవీ4లో 127.0.0.1, ఐపీవీ6లో రెండు కోలన్లు, ఒకటి. అప్లికేషన్ ఒకదాని మీదే వింటూ, ముందున్నవాడు రెండోదాన్ని తడితే లాగ్ అంతా ఎర్రర్లే. కాన్ఫిగ్‌లో పేరు బదులు అంకెలే రాసేస్తే ఈ గొడవ ఉండదు.

బ్రాకెట్లోని అంకె

ఇప్పుడు లాగ్. వార్ డైరెక్టరీలో లాగ్, అందులో ఇంజిన్‌ఎక్స్, అందులో ఎర్రర్ డాట్ లాగ్. ‘టెయిల్ మైనస్ ఎఫ్’ పెట్టి, ఇంకో పక్క బ్రౌజర్లో పేజీ రిఫ్రెష్ చేస్తే కొత్త లైను పడుతుంది. పొడుగ్గా ఉంటుంది కాబట్టి చూడగానే కళ్ళు తిరుగుతాయి. అందులో మనకి కావలసినవి రెండే: బ్రాకెట్లో ఉన్న అంకె, ‘వైల్’ అనే మాట తర్వాత ఉన్న ముక్క. అంకె లైనక్స్ కెర్నల్ ఇచ్చిన ఎర్రర్ నంబరు. ‘వైల్’ తర్వాతది ఏ పని మధ్యలో ఆగిందో చెప్తుంది.

111 అంటే కనెక్షన్ రెఫ్యూజ్డ్. తలుపు తట్టాం, "ఇక్కడెవరూ లేరు" అని వెంటనే జవాబొచ్చింది. మెషీన్ ఉంది, ఆ పోర్టులో వినేవాడు లేడు. అప్లికేషన్ ఆగిపోయింది, లేదా పోర్టు తప్పు. అన్నిట్లోకీ మంచి ఎర్రర్ ఇదే, నాన్చకుండా చెప్తుంది.

110 అంటే టైమౌట్. దీనికి రెండు ముఖాలు. ‘వైల్ కనెక్టింగ్’ అని ఉంటే తలుపు తట్టినా ఏ జవాబూ లేదు, కాదు అని కూడా అనలేదు. ప్యాకెట్లని దారిలో ఎవరో మింగేస్తున్నారు. అప్లికేషన్ వేరే మెషీన్లో ఉంటే ఫైర్‌వాల్, క్లౌడ్ అయితే సెక్యూరిటీ గ్రూప్ చూడండి. ‘వైల్ రీడింగ్’ అని ఉంటే కథ వేరు: లోపలికి రానిచ్చారు, టోకెన్ తీసుకున్నారు, దోశ ఇంకా రాలేదు. దాని సంగతి చివర్లో.

104 కానీ, ‘అప్‌స్ట్రీమ్ ప్రిమెచ్యూర్లీ క్లోజ్డ్ కనెక్షన్’ అన్న వాక్యం కానీ కనబడితే, మాస్టర్ దోశ వేస్తూ వేస్తూ మధ్యలో పడిపోయాడన్నమాట. ఒక జీబీ ర్యామ్ ఉన్న ఉచిత క్లౌడ్ మెషీన్లో మైఎస్‌క్యూఎల్, జావా రెండూ పెట్టినవాళ్ళకి ఇది బాగా పరిచయం. మెమరీ చాలకపోతే కెర్నలే ఒక ప్రాసెస్‌ని ఎంచుకుని చంపేస్తుంది. అప్లికేషన్ లాగ్‌లో ఒక్క అక్షరం ఉండదు, ఎందుకంటే రాసే వ్యవధి కూడా ఇవ్వరు. ‘డీమెసేజ్’ కొట్టి ‘అవుట్ ఆఫ్ మెమరీ’ కోసం వెతకండి.

2 అంటే అలాంటి ఫైలు లేదని. పోర్టు బదులు యూనిక్స్ సాకెట్ ఫైలు వాడేవాళ్ళకి వస్తుంది. అప్లికేషన్ లేవలేదు కాబట్టి సాకెట్ పుట్టలేదు, లేదా దారి తప్పు రాశారు.

ఇక 13. పర్మిషన్ డినైడ్. దీని దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే మనుషుల్ని ఏడిపించేది ఇదే. కర్ల్‌తో పిలిస్తే అప్లికేషన్ చక్కగా పలుకుతుంది, ఇంజిన్‌ఎక్స్ పిలిస్తే పలకదు. మా తర్వాతి బ్యాచ్‌లో ఒక టీమ్ రివ్యూకి ముందు రాత్రంతా దీంతోనే కూర్చుంది. యూట్యూబ్‌లో పాత వీడియో ఒకటి చూసి, అందులో చెప్పినట్టే అక్షరం పొల్లుపోకుండా చేశారు. వీడియోలో పనిచేసింది, వీళ్ళకి చేయలేదు.

కారణం వీడియోకీ వీళ్ళకీ మధ్య మారిన ఉబుంటు. వీడియోలో సాకెట్ ఫైలుని హోమ్ డైరెక్టరీలో, ప్రాజెక్టు ఫోల్డర్లోనే పెట్టారు. అప్పట్లో కొత్త యూజర్ హోమ్ డైరెక్టరీ పర్మిషన్లు 755, ఎవరైనా దాటి లోపలికి వెళ్ళొచ్చు. ఉబుంటు 21.04 నుంచి అది 750. యజమానీ, అతని గ్రూపూ తప్ప బయటివాళ్ళు గుమ్మం దాటలేరు. ఇంజిన్‌ఎక్స్ నడిచేది ‘డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ డేటా’ అనే వేరే యూజర్ పేరుతో. ఒక ఫైలుని ముట్టుకోవాలంటే దాని దారిలో ఉన్న ప్రతి డైరెక్టరీనీ దాటే అనుమతి ఉండాలి. వీళ్ళు సాకెట్ ఫైలుకి 777 ఇచ్చారు, మళ్ళీ ఇచ్చారు. బీరువా తాళం తీసినా వీధి గుమ్మం మూసి ఉంటే ఏం లాభం? ‘నేమ్‌ఐ మైనస్ ఎల్’ అని సాకెట్ పూర్తి దారి ఇస్తే, మెట్టు మెట్టుకీ పర్మిషన్లు వరసగా చూపిస్తుంది. ఎక్కడ ఆగిందో రెండు సెకన్లలో కనబడుతుంది.

ఆ టీమ్‌లో ఒకడు హోమ్ డైరెక్టరీకే 777 ఇవ్వబోతుంటే ఆపాను. అలా ఇస్తే ఎస్ఎస్‌హెచ్ ఊరుకోదు. హోమ్ డైరెక్టరీలో ఎవరైనా రాయగలిగేలా ఉంటే, అందులోని కీ ఫైలుని అది నమ్మడం మానేస్తుంది. ఇప్పుడున్న కనెక్షన్ తెగాక మీరే లోపలికి రాలేరు. పద్ధతైన దారి సాకెట్‌ని హోమ్ నుంచి తీసేసి ‘రన్’ డైరెక్టరీ కింద పెట్టడం. సిస్టమ్‌డీ సర్వీసు ఫైల్లో ‘రన్‌టైమ్ డైరెక్టరీ’ అని ఒక లైను రాస్తే ఆ ఫోల్డర్‌ని అదే సృష్టిస్తుంది. వాళ్ళకి తెల్లవారుజామున సైటు వచ్చింది. రివ్యూలో ప్యానెల్ సైటు అడగనే లేదనుకోండి, అది వేరే సంగతి.

13కి ఇంకో కారణం రాకీ, ఆల్మా లాంటి రెడ్‌హ్యాట్ కుటుంబం సిస్టమ్స్‌లో ఉంది: ఎస్ఈలైనక్స్. అక్కడ వెబ్ సర్వర్ తనంతట తాను వేరే పోర్టులకి కనెక్ట్ కాకుండా మొదట్నుంచీ ఆపి ఉంచుతారు. సైటుని ఎవడైనా హ్యాక్ చేసినా అక్కణ్ణుంచి లోపలికి పాకకుండా. మనం కర్ల్ కొడితే ఆ నియమం మనకి వర్తించదు కాబట్టి పనిచేస్తుంది. మందు ఒక్క లైను: ‘సెట్ ఎస్ఈ బూల్ మైనస్ పెద్ద పీ, హెచ్‌టీటీపీడీ క్యాన్ నెట్‌వర్క్ కనెక్ట్, 1’. ఆ పేరులో మాటల మధ్య అండర్‌స్కోర్లుంటాయి. నెట్‌లో చాలామంది ‘సెట్ ఎన్‌ఫోర్స్ 0’ అని మొత్తం కాపలానే పీకేయమంటారు. అనుమానం తీర్చుకోవడానికి ఒక్క నిమిషం చేసి చూడొచ్చు, అంతే. పైగా మెషీన్ రీబూట్ అయితే అది తిరిగి వస్తుంది, మీ 502 కూడా దాంతోపాటు వస్తుంది.

టామ్‌క్యాట్ వాళ్ళకి

అపాచీ వెబ్ సర్వర్ ముందు పెట్టి, వెనక టామ్‌క్యాట్ పెట్టినవాళ్ళకి రెండు విషయాలు. వెనకవాడు దొరకకపోతే అపాచీ సాధారణంగా 502 అనదు, 503 అంటుంది. అన్నాక ఆ వెనకవాణ్ణి 60 సెకన్లపాటు పక్కన పెడుతుంది. మీరు పది సెకన్లలో టామ్‌క్యాట్‌ని లేపినా, నిమిషం గడిచేదాకా 503 రావచ్చు. ఆ నిమిషంలో కంగారుపడి ఇంకో నాలుగు సెట్టింగులు మార్చకండి.

రెండోది 8009 పోర్టు. పాత పుస్తకాల్లో, ల్యాబ్ మాన్యువల్లో ఇద్దర్నీ ఏజేపీ అనే ప్రోటోకాల్‌తో కలపమని ఉంటుంది. 2020 ఫిబ్రవరిలో ‘ఘోస్ట్‌క్యాట్’ అనే సెక్యూరిటీ లోపం బయటపడింది. దాంతో టామ్‌క్యాట్ 9.0.31 నుంచి ఏజేపీని మామూలుగా మూసే ఉంచుతున్నారు. తెరిచినా రెండు వైపులా ఒకే రహస్య పదం ఇవ్వాలి, లేకపోతే ఆ కనెక్టర్ లేవదు. 8080 పనిచేస్తూ 8009 మాత్రం 111 అంటుంటే కారణం ఇదే. కొత్తగా కట్టేవాళ్ళు ఏజేపీ జోలికి పోకుండా మామూలు హెచ్‌టీటీపీతో 8080కే పంపుకుంటే హాయి అని నా అభిప్రాయం.

502 రాకుండా వచ్చే తిప్పలు కూడా కొన్ని. ‘ప్రాక్సీ పాస్’ లైను చివర ఒక్క స్లాష్ ఉంటే పాత్ ముందుభాగం మారిపోతుంది, లేకపోతే ఉన్నదున్నట్టు వెళ్తుంది. హోమ్ పేజీ వచ్చి మిగతావన్నీ 404 అయితే అక్కడ చూడండి. జాంగో 400 ఇస్తుంటే హోస్ట్ హెడర్ పంపడం లేదేమో చూడండి. రెజ్యూమె అప్‌లోడ్ దగ్గర 413 వస్తే ఇంజిన్‌ఎక్స్ మామూలు పరిమితి ఒక ఎంబీ, దాన్ని పెంచుకోవాలి.

30కి, 60కి మధ్య

గునికార్న్ ఒక వర్కర్‌కి మామూలుగా 30 సెకన్లు ఇస్తుంది. ఈలోపు పని తెమలకపోతే ఆ వర్కర్‌ని చంపి కొత్తవాణ్ణి పెడుతుంది. ఇంజిన్‌ఎక్స్ జవాబు కోసం 60 సెకన్లు ఆగుతుంది. ఇప్పుడు 40 సెకన్లు పట్టే రిపోర్ట్ ఒకటి అడిగారనుకోండి. 30వ సెకనుకి వర్కర్ పోయాడు, కనెక్షన్ మధ్యలో తెగింది, ఇంజిన్‌ఎక్స్ 502 అంది. నెమ్మదితనం వల్ల వచ్చినా 504 కాదు, 502. అందుకే ఇంజిన్‌ఎక్స్‌లో టైమౌట్ ఎంత పెంచినా ఏమీ మారదు. గునికార్న్ లాగ్‌లో ‘వర్కర్ టైమౌట్’ కనబడితే ఇదే సంగతి. గునికార్న్‌కి 120 ఇచ్చి, ఈసారి పని 60 సెకన్లు దాటితే 502 పోయి 504 వస్తుంది. ఇంకా పాడైందనుకుంటారు, నిజానికి ఒక అడుగు ముందుకి పడ్డట్టే.

వర్కర్ల సంఖ్య కూడా చెప్పకపోతే గునికార్న్ ఒక్కణ్ణే పెడుతుంది. ఒక్క మాస్టర్, ఒక్క పెనం. ఫెస్ట్ సైటు నా చేతికొచ్చినప్పుడు పాత కోడ్ ప్రతి రిజిస్ట్రేషన్‌కీ అక్కడికక్కడే ఈమెయిల్ పంపి, అది వెళ్ళాకే పేజీ చూపించేది. మెయిల్ సర్వర్ నెమ్మదిస్తే వరసలో ఉన్న లాగిన్ పేజీ కూడా ఆగేది. కోర్ల సంఖ్యని రెండింతలు చేసి ఒకటి కలపమని గునికార్న్ వాళ్ళ డాక్యుమెంటేషన్ సలహా. అది చేశాను, కానీ అసలు ఫలితమిచ్చింది మెయిల్ పనిని తీసి విడిగా క్యూలో పెట్టడం.

504 గురించి ఒక విషయం మాత్రం సర్వర్లు చూసుకోని వాళ్ళకి కూడా అవసరం. ఇంజిన్‌ఎక్స్ 60 సెకన్లు చూసి వెళ్ళిపోయినా, లోపల అప్లికేషన్‌కి ఆ సంగతి తెలియకపోవచ్చు. అది తన పని తను పూర్తి చేసి డేటాబేస్‌లో రాసేసి, వినేవాడు లేని జవాబు తయారుచేస్తుంది. మా రూమ్మేట్ ఒకడు సప్లీ ఫీజు ఆఖరి రోజున ఒక పోర్టల్లో కట్టాడు. 504 వచ్చింది. గడువు దాటితే ఫైన్, భయంతో మళ్ళీ కట్టాడు. రెండుసార్లూ డబ్బు కట్ అయింది. వాడి దృష్టిలో ఎర్రర్ పేజీ అంటే పని జరగలేదని. 111 విషయంలో అది నిజమే, టోకెన్ లోపలికి వెళ్ళనే లేదు. 104, ‘వైల్ రీడింగ్’ 110 విషయంలో మాత్రం జరిగిందో లేదో ముందున్నవాడికి కూడా తెలియదు. ఇంజిన్‌ఎక్స్‌కి కూడా ఈ జాగ్రత్త ఉంది: వెనక ఇద్దరు అప్లికేషన్ సర్వర్లున్నా, ఒకరికి పంపేసిన పోస్ట్ రిక్వెస్ట్‌ని, మనం ప్రత్యేకంగా చెప్తే తప్ప, రెండోవారికి మళ్ళీ పంపదు.

కాబట్టి ఫీజు పేజీలో 504 వస్తే రిఫ్రెష్ కొట్టకండి. టైము రాసుకోండి, బ్యాంకు మెసేజ్ చూడండి, పోర్టల్లో పేమెంట్ స్టేటస్ పేజీ ఉంటే ముందు అందులో వెతకండి. ఫెస్ట్ సైటులో ఇప్పుడు చెల్లింపు బటన్ కనబడకముందే ప్రతి రిజిస్ట్రేషన్‌కీ ఒక ఆర్డర్ నంబరు పుడుతుంది. డేటాబేస్‌లో ఆ కాలమ్ యూనిక్. అదే మనిషి కంగారులో నాలుగుసార్లు నొక్కినా కొత్త వరస పడదు, మొదటిదాని స్థితే చూపిస్తుంది.